టీ డికాక్షన్‌తో నానో ఇనుము: రంగునీటికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది నూలుకు రంగులద్దే చిన్న యూనిట్. టీ డికాక్షన్‌లో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) కలిపితే నానో ఇనుము తయారవుతుందనీ, అది రంగునీటిని శుభ్రం చేస్తుందనీ మా అబ్బాయికి కాలేజీలో చెప్పారు. సీసాలో చేసి చూశాం. ద్రవం వెంటనే నల్లబడింది. అందులో రంగునీరు పోసి ఉంచితే, మడ్డి అడుగుకు దిగాక పైనీటిలో రంగు బాగా తగ్గింది. దీన్ని మా తొట్టిలో వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: రంగు తగ్గడం నిజమే కానీ, ద్రవం నల్లబడినంత మాత్రాన నానో ఇనుము, అంటే అతి సూక్ష్మమైన ఇనుప లోహపు రేణువులు, తయారైందని చెప్పలేము. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరబెట్టి, ఆ ద్రావణంతో కరక్కాయ పట్టించిన బట్టపై గీయగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసి ఏర్పరచే పదార్థం వల్ల వచ్చే నలుపు అది. టీ ఆకులోని పాలీఫినాల్స్ (టానిన్ల వంటి పదార్థాలు) కూడా ఇనుముతో ఇలాగే కలుస్తాయి కనుక మీ సీసాలో జరిగింది చాలావరకు ఇదేనని నా అభిప్రాయం.

అసలైన నానో ఇనుమును ప్రయోగశాలల్లో సాధారణంగా సోడియం బోరోహైడ్రైడ్‌తో తయారుచేస్తారు. ఒక మిల్లీమీటరు రేణువులను 10 నానోమీటర్ల రేణువులుగా చేస్తే, అదే బరువు ఇనుముకు ఉపరితలం లక్ష రెట్లు పెరుగుతుంది. దాని చురుకుదనానికి మూలం ఇదే. బోరోహైడ్రైడ్ ఖరీదైనది, పైగా చర్య జరిగేటప్పుడు మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అందుకే పరిశోధకులు టీ, నీలగిరి, వేప ఆకుల కషాయాల వైపు మళ్లారు. అయితే లవణంలోని ఇనుమును లోహంగా మార్చడానికి కావలసిన క్షయకరణ శక్తి (ఎలక్ట్రాన్లను ఇచ్చే శక్తి) ఈ పాలీఫినాల్స్‌కు సాధారణంగా ఉండదు. ఫెర్రిక్ (మూడు వేలెన్సీ) ఇనుమును ఫెర్రస్ (రెండు వేలెన్సీ)గా మార్చి, దానిని అంటిపెట్టుకొని ఉండడం వరకే వాటికి సాధ్యం.

అలాగని ఆ నల్లటి పదార్థం వ్యర్థమేమీ కాదు. అది రంగును తనపైకి లాక్కోగలదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడైతే ఫెంటన్ చర్య జరిగి, అందులో పుట్టే అతి చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్స్ రంగు అణువులను ముక్కలు చేస్తాయి. విషపూరితమైన ఆరు వేలెన్సీ క్రోమియం, ఫెర్రస్ ఇనుము తగలగానే అంత ప్రమాదకరం కాని మూడు వేలెన్సీ రూపంలోకి మారుతుంది; తర్వాత సున్నం కలిపితే అడుగుకు దిగుతుంది. ఈ పనికి పరిశ్రమలు అన్నభేదినే నేరుగా ఎప్పటినుంచో వాడుతున్నాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీ అద్దకపు రంగుల సంగతి. వాటిలో చాలా వరకు అజో రంగులే, అంటే అణువులో రెండు నత్రజని పరమాణువులను కలిపే అజో బంధం ఉన్నవే. అజో బంధం తెగగానే రంగు పోతుంది, కానీ దాని స్థానంలో రంగులేని అరోమాటిక్ ఎమైన్లు మిగిలే అవకాశం ఉంది, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. కంటికి తేటగా కనబడిన నీరు కాలువలోకి వెళితే, పక్క పొలం రైతుకు అనుమానం కూడా రాదు. దానికితోడు కషాయంలోని సేంద్రియ పదార్థం వల్ల నీటి సీఓడీ (నీటిలోని మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలత) తగ్గకపోగా పెరగవచ్చు. ఉపరితల జలాల్లోకి వదిలే నీటిలో అది లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటరాదన్నది నిబంధన.

కాబట్టి ఇప్పుడే తొట్టిలో కలపకండి. మూడు సీసాలు తీసుకొని, ఒకదానిలో వట్టి రంగునీరు, రెండవదానిలో దానికి అన్నభేది, సున్నం, మూడవదానిలో మీ నల్లటి ద్రవం కలపండి. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో మూడింటికీ సీఓడీ, పీహెచ్, మొత్తం ఇనుము, క్రోమియం, అరోమాటిక్ ఎమైన్లు పరీక్షించమని అడగండి. రెండవ, మూడవ సీసాల ఫలితాలు ఒకేలా ఉంటే టీ ఆకు ఖర్చు అనవసరం. ఏ పద్ధతి ఎంచుకున్నా అడుగున చేరే మడ్డిలో రంగులు, లోహాలు ఉంటాయి. దాన్ని ఎక్కడికి తరలించాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి.