పశ్చిమ కనుమల్లో వర్షారణ్యం కొని వదిలేయొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నలుగురు స్నేహితులు, ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో. తలా కొంత వేసుకుని పశ్చిమ కనుమల్లో కొంత వర్షారణ్యం కొని, అందులో ఏమీ చేయకుండా అంతరించిపోతున్న చెట్లకూ జంతువులకూ వదిలేయాలని ఉంది. కుదురుతుందా, లేక మన మారేడుమిల్లి వైపే చూసుకుంటే నయమా?

కుదురుతుంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, మరికొందరితో కలిసి కొడగు జిల్లాలో విరాజపేట దాటాక అలాంటి భూమే కొన్నవాణ్ణి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు మారేడుమిల్లి సంగతి తేల్చేద్దాం. అది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనులకూ, గిరిజన సహకార సంఘాలకూ తప్ప ఇంకెవరికీ బదిలీ కాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, మీరు కొనలేరు. "నోటరీ మీద రాసిస్తాం సార్, అందరూ అలాగే కొంటున్నారు" అనేవాళ్లు మీకూ తగులుతారు. దణ్ణం పెట్టి వచ్చేయండి. అడవిని కాపాడే పేరుతో గిరిజనుల చట్టానికి తూట్లు పొడవడం కంటే అన్యాయం ఉండదు. పైగా అక్కడి అడవిని కాపాడాలంటే అక్కడి ఊళ్లకు అటవీ హక్కుల చట్టం కింద రావాల్సిన సామూహిక హక్కులు వచ్చేలా తోడు నిలబడటం మేలని నా అభిప్రాయం.

ఇక కర్ణాటకలోని కొడగు, మలెనాడు, కేరళలోని వయనాడు. అక్కడ కూడా మీరు ఊహించుకుంటున్న అసలు సిసలు అడవి చాలావరకు ప్రభుత్వానిదే, అమ్మకానికి రాదు. మీకు దొరికేది అడవిని ఆనుకుని పాడుబడ్డ తోట. అందులోనూ ఏలకుల తోటకీ కాఫీ తోటకీ చాలా తేడా ఉంది. పాతకాలం ఏలకుల తోటల్లో కింద పొదలు మాత్రం కొట్టేసి, పైన పెద్ద చెట్ల నీడ అలాగే ఉంచేవాళ్లు. తెగులు తగిలో, ధర పడిపోయో, ఏనుగుల బాధ పడలేకో తోట వదిలేస్తే కింద మళ్లీ మొలకలు లేస్తాయి. మేం కొన్నది అలాంటిదే. ధూపం చెట్లు, నాగకేసరాలు, అడవి నేరేళ్లు, మర్రి జాతివి, కొన్ని మా తాతల కంటే పెద్దవి. అదే కాఫీ తోటలో చాలాచోట్ల ఆ చెట్లు తీసేసి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ వేశారు. నిటారుగా పెరుగుతుంది, మిరియం తీగ పాకించడానికి వాటం, కలపకు ధర. కానీ దాని మీద హార్న్‌బిల్ పక్షి తినే పండు ఒక్కటీ కాయదు.

హార్న్‌బిల్ పేరు ఊరికే ఎత్తలేదు. గ్రేట్ హార్న్‌బిల్ గూడు కట్టదు. బాగా ముదిరిన పెద్ద చెట్టులో తొర్ర ఉండాలి. ఆడపక్షి అందులో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి వాకిలి మూసేసుకుంటుంది. నెలల తరబడి మగపక్షి అత్తి జాతి పండ్లు తెచ్చి ఆ సందులోంచే అందిస్తుంది. అలాంటి తొర్ర చెట్టు డబ్బు పెడితే మన జీవితకాలంలో తయారవదు. కాబట్టి బ్రోకర్ ఎకరాల లెక్క చెబుతుంటే మీరు తలెత్తి చెట్ల వయసు చూడండి. ముదురు చెట్లున్న నాలుగెకరాలు, సిల్వర్ ఓక్ ఉన్న ఇరవై ఎకరాల కంటే విలువైనవి. ధర మాత్రం తలకిందులుగా ఉంటుంది, అది మన అదృష్టం.

రెండోది, చోటు. కొడగులోని సాయి శాంక్చురీ అనే ప్రైవేటు అడవి గురించి మీరు వినే ఉంటారు. అనిల్, పమేలా మల్హోత్రా దంపతులు 1991లో బ్రహ్మగిరి అభయారణ్యం పక్కన 55 ఎకరాలతో మొదలుపెట్టారు. ఆ వానల్లో కాఫీ గానీ ఇంకోటి గానీ పండక పాత యజమాని అమ్మేశాడు. వాగు అవతలి తోటల్లో పురుగుమందులు కొడుతుంటే ఇవతల ఎంత కాపాడినా నీళ్లు ఒకటేగా అని, పక్క భూములు కూడా కొంటూ దాదాపు 300 ఎకరాలకు తెచ్చారు. అనిల్ గారు 2021లో పోయారు. మనకు అంత స్తోమత ఉండదు. కానీ వాళ్ల ఆలోచన మనకూ పనికొస్తుంది: వాగు ఎక్కడ పుడుతుంది, పైన ఏ తోట ఉంది, మన భూమి ఏ రెండు అడవుల మధ్య ఉంది అని చూసుకోవడం.

చుట్టూ తోటలున్న చిన్న ముక్క కంటే రెండు అడవుల మధ్య ఇరుకు దారిలో ఉన్న చిన్న ముక్కే ఎక్కువ పని చేస్తుంది. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా 2017 నాటికి దేశంలో ఏనుగులు నడిచే 101 కారిడార్లను గుర్తించింది. వయనాడులో తిరునెల్లి–కుద్రకోట్ కారిడార్‌లో ఉన్న కుటుంబాలను ఒప్పించి, వేరేచోట ఇళ్లూ పొలాలూ చూపించి, ఆ భూమి కొని కేరళ అటవీ శాఖకు అప్పగించింది కూడా. కొని, తమ పేరున ఉంచుకోకుండా ఇచ్చేశారు! "నా అడవి" అనిపించుకోవాలన్న మోజు లేకపోతే ఇదే మంచి పద్ధతి అంటాను. మీ దగ్గరున్నది తక్కువ మొత్తమైతే సొంతంగా కొనడం మానేసి ఇలాంటి పనికి ఇవ్వండి.

చట్టాలు రాష్ట్రానికొకటి. కర్ణాటకలో వ్యవసాయ కుటుంబం కానివాళ్లు సాగుభూమి కొనడానికి ఉన్న అడ్డంకులు 2020 సవరణతో చాలావరకు తొలగాయి. అయినా కొడగులో ఆర్‌టీసీ (అక్కడి పహాణీ లాంటి హక్కుల పత్రం), ఈసీ చూసి సంబరపడిపోకండి. అక్కడ జమ్మా (వంశపారంపర్యంగా వచ్చే భూమి), బాణె (వరి పొలానికి అనుబంధంగా ఇచ్చిన చెట్ల నేల) అని పాత హక్కులుంటాయి, ఉమ్మడి కుటుంబంలో సంతకం పెట్టాల్సినవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు. కొన్ని భూముల్లో నేల మీ సొంతమైనా దాని మీది చెట్టు ప్రభుత్వానిది. పైసారి అనే ప్రభుత్వ భూమికీ తోటకీ హద్దు చాలాచోట్ల కంటికి కనిపించదు. మా కొలత మొదటిసారి వేస్తే ఏలకుల ఆరబోత షెడ్డు మొత్తం పైసారిలో తేలింది. ఊరి సర్వేయర్ సమక్షంలో, పక్కవాళ్లందర్నీ పిలిచి హద్దు రాళ్లు పాతించాకే డబ్బు కట్టాం. అక్కడి లాయర్నే పెట్టుకోండి. హైదరాబాద్ లాయర్‌కు బాణె అంటే ఏమిటో చెప్పడానికే మీకు రెండు మీటింగులు పడతాయి.

కేరళలో ఇంకో చిత్రం. 2003 నాటి ఎకలాజికల్లీ ఫ్రాజైల్ ల్యాండ్స్ చట్టం ప్రకారం, రిజర్వ్ అడవిని ఆనుకుని సహజమైన చెట్లూ చేమలూ దట్టంగా ఉన్న ప్రైవేటు భూమిని ప్రభుత్వం తనకు దఖలు పరచుకోవచ్చు. అంటే మీరు తోటను వదిలేసి అడవిగా మారనిస్తే అది చేజారొచ్చు. అడవి బతికితే చాలనుకుంటే అది నష్టమేం కాదు, కానీ నలుగురూ ముందే మాట్లాడుకోండి. తమిళనాడులో 1949 నాటి ప్రైవేటు అడవుల చట్టం ఉంది. దాని కిందికి వచ్చే భూమి చేతులు మారాలన్నా అనుమతి కావాలి.

మీ డాలస్ మిత్రుడి విషయం. ఎన్నారైలు, ఓసీఐలు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవాళ్లు) మన దేశంలో వ్యవసాయ భూమి, ప్లాంటేషన్, ఫామ్‌హౌస్ కొనకూడదని ఫెమా, అంటే విదేశీ మారకద్రవ్య చట్టం, నిబంధన. ఆయన డబ్బుతో మీ పేరున కొంటే బినామీ చట్టం తగులుకుంటుంది. పరిరక్షణ ట్రస్టుకు విరాళం ఇవ్వొచ్చు. ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే పెద్ద చిక్కు లేదు, అమెరికా పౌరసత్వం వచ్చి ఉంటే మాత్రం ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి.

ఇప్పుడు "ఏమీ చేయకుండా వదిలేయడం". పెద్ద అడవిలో అయితే సరేగానీ, దెబ్బతిన్న చిన్న ముక్కలో మీరు వదిలేస్తే ముందు దూరేవి బయటి నుంచి వచ్చిన కలుపు జాతులు: లాంటానా, మికానియా తీగ, వయనాడు వైపైతే సెన్నా స్పెక్టాబిలిస్ చెట్టు. పక్క తోట కాఫీ పండ్లు తిన్న పక్షులూ పునుగుపిల్లులూ మన అడవిలో కాఫీ నారు పోస్తాయి. మేం ఏటా పీకేది ఎక్కువగా కాఫీ మొలకలనే అంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. తమిళనాడులోని వాల్పారైలో నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థవాళ్లు తేయాకు కంపెనీల భూముల్లోనే, కొనకుండా, మిగిలిన అడవి ముక్కలను బాగుచేస్తున్నారు. అక్కడి అడవి విత్తనాలతోనే నర్సరీ పెంచి, కలుపు తీసి నాటిన చోట్ల అడవి కోలుకున్నంతగా ఊరికే వదిలేసిన చోట్ల కోలుకోలేదని వాళ్ల అధ్యయనంలో తేలింది. మీరు నాటేవి కూడా అదే కొండ చెట్లై ఉండాలి. పుట్టినరోజుకు తెచ్చే గుల్‌మొహర్ మొక్కలు వద్దు.

ఇంకా ఉచ్చులు. అడవి పంది కోసం బైక్ క్లచ్ వైర్లతో వేస్తారు. అందులో చిరుత కూడా పడుతుంది. నెలకోసారి కారులో వచ్చి ఫోటోలు తీసుకునేవాళ్లకు అవి కనబడవు. ఊళ్లోనే ఉండే మనిషికి జీతమిచ్చి రోజూ తిప్పాలి. భూమి ధర కట్టాక ఏటా ఈ జీతం కట్టగలరా అన్నదే నా దృష్టిలో అసలు లెక్క. ఐదేళ్ల జీతం బ్యాంకులో వేసుకున్నాకే భూమి వెతకండి.

పక్క రైతులతో మాత్రం ఓపిక పట్టాలి. "పగలు మీ అడవిలో పడుకుంటాయి, రాత్రి మా వరి మేస్తాయి" అని ఒకాయన నా మొహం మీదే అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఏనుగులకు చోటిచ్చింది మనం, నష్టపోయింది ఆయన. ఆయన పొలం వైపు సోలార్ కంచెలో మా వాటా మేం పెట్టుకున్నాం. మా భూమి గుండా దేవరకాడుకు, అంటే ఆ ఊరి దేవుడి వనానికి, పాత కాలిబాట ఉంది. దాన్ని మూయలేదు. కంచె వేసి బోర్డు పెట్టి ఉంటే మొదటి వేసవిలోనే గొడవయ్యేది.

ఒక హెచ్చరిక. "మీ సొంత వర్షారణ్యం, పావు ఎకరం ప్లాటు, కాటేజీతో సహా" అనే ప్రకటనలు ఈమధ్య ఎక్కువయ్యాయి. రోడ్డు వేసి, కంచెలు కొట్టి, లైట్లు పెట్టి అడవిని ముక్కలు చేయడమే అది. మీరడిగిన పనికి సరిగ్గా వ్యతిరేకం.

చివరగా, మీ నలుగురి తర్వాత ఎవరు? మాలో ఒకాయన వాటా వారసురాలికి వెళ్లింది. ఆమెకు అక్కడ హోమ్‌స్టే పెట్టాలని ఉంది, అది ఇంకా తేలలేదు. అమెరికాలో కట్టడాల హక్కును శాశ్వతంగా వదులుకుంటూ భూమి మీద ఒప్పందం రాసే పద్ధతి ఉంది, మన దగ్గర దానికంటూ ప్రత్యేక చట్టం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36సీ కింద మాత్రం, సొంతదారు స్వచ్ఛందంగా ముందుకొస్తే ప్రైవేటు భూమిని రాష్ట్ర ప్రభుత్వం కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి మీ పేరునే ఉంటుంది, కానీ ఆ తర్వాత దాని వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం కావాలి. లేదంటే ట్రస్టు పేరున పెట్టండి. డీడ్‌లో అమ్మకం, కట్టడాల మీద నిషేధంతో పాటు, ట్రస్టు మూతపడితే భూమి ఏ సంస్థకు వెళ్తుందో పేరుతో సహా రాయించండి.