ఇరవై రోజుల్లో రెండు పుస్తకాలా? అవుతాయండీ

మీ పాప ఆగస్టులో సెవెన్త్ గ్రేడ్‌కి వెళ్తోంది, సెలవుల్లో చదవమని స్కూల్ ఇచ్చిన రెండు పుస్తకాలూ ఇంకా తెరవలేదు, చదివినదాని మీద జర్నల్ (నోట్సు లాంటిది) కూడా రాయాలి, ఉన్నది ఇరవై రోజులే అన్నారు కదా. టెన్షన్ పడకండి, మా ఇంట్లోనూ పోయినేడాది ఇదే గోల.

రెండూ కలిపి 480 పేజీలు అన్నారు, రోజుకి 30 చొప్పున 16 రోజుల్లో అయిపోతాయి, మిగిలిన నాలుగు రోజులు జర్నల్ సరిచూసి పూర్తి చేయడానికి. చదవడానికి మొరాయిస్తే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో లిబ్బీ అనే లైబ్రరీ పుస్తకాల యాప్‌లో ఆడియో ఉందేమో చూడండి, ఉచితమే, కాకపోతే మంచి పుస్తకాలకి వెయిటింగ్ ఉంటుంది కాబట్టి ఈరోజే హోల్డ్ పెట్టేయండి, అంటే వరుసలో మీ పేరు నమోదు చేసుకోండి. వింటూ పుస్తకంలో వేలు పెట్టి చూస్తూ పోవాలి, ఊరికే వింటే మావాడిలా నిద్రపోతారు.

జర్నల్ మాత్రం చివరికి వదలొద్దు. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు పుస్తకంలోని వాక్యం, పేజీ నంబరు, కుడివైపు తనకేమనిపించిందో రాయడమే. మావాడు ముందు చదివేసి తర్వాత రాద్దామన్నాడు, పేజీ నంబర్లు వెతకడానికే రెండు రోజులు పట్టింది. చదివేటప్పుడే పసుపు స్టిక్కీ నోట్ అంటించి, దాని మీద "వీడు అబద్ధం ఆడుతున్నాడు" లాంటి ఒక్క ముక్క తెలుగులో రాసుకున్నా చాలు.

నెట్‌లో సారాంశం చదివించి కానిచ్చేద్దాం అనుకోకండి, స్కూల్ తెరిచాక క్విజ్ పెడితే దొరికిపోతుంది.