ఉబుంటు 22.04లో 'లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 దొరకలేదు' అని వస్తే ఏం చేయాలి?

ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయింది, కానీ రన్ చేస్తే ఈ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది అన్నది ప్రశ్న. ఫైలు పేరు చివరనున్న 1.1 దగ్గరే ఉంది అసలు సంగతి. ఈ ఫైలు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే లైబ్రరీది (ఎన్‌క్రిప్షన్ కోసం చాలా ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్). ఆ ప్రోగ్రామ్‌ను ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1 కోసం కంపైల్ చేశారు (అంటే సోర్స్ కోడ్ నుంచి తయారు చేశారు), ఉబుంటు 22.04తో వచ్చేది 3.0. ఫైలు పేరు చివరనున్న ఈ అంకె మారిందంటే పాత ప్రోగ్రామ్‌లు కొత్త లైబ్రరీతో నడుస్తాయన్న హామీ లేనట్టే.

కాబట్టి కొత్త ఫైలుకు పాత పేరుతో సిమ్‌లింక్ (ఒక ఫైలుకు దారి చూపే ఇంకో పేరు) పెట్టేయమని ఎవరైనా చెబితే వినకండి. ఈ ఎర్రర్ పోయి ఇంకోటి వస్తుంది, లేదా ప్రోగ్రామ్ మధ్యలో క్రాష్ అవుతుంది. రెండోదే ఎక్కువ టెన్షన్.

ముందు ఎల్‌డీడీ కమాండ్‌తో ఇంకా ఏ లైబ్రరీలు దొరకట్లేదో చూడండి (నమ్మకం లేని ఫైలు మీద వద్దు, ఒక్కోసారి అది ఆ ఫైలునే రన్ చేసేస్తుంది). మీ ఉబుంటు వెర్షన్‌కు తయారైన ప్యాకేజీ ఉంటే అదే మేలు. సోర్స్ కోడ్ దొరికితే మీ సిస్టమ్‌లోనే కంపైల్ చేసుకోండి. రెండూ కుదరకపోతే పాత లైబ్రరీని విడి ఫోల్డర్‌లో పెట్టి, లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌ను ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే ఇవ్వండి. అయితే 1.1లో చివరి వెర్షన్ అయిన 1.1.1కి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 సెప్టెంబరులో ఆగిపోయాయి. ఇంటర్నెట్‌తో మాట్లాడే ప్రోగ్రామ్‌కైతే నేను ఈ దారి సూచించను.

'జీలిబ్‌సీ 2.38 దొరకలేదు' లాంటిది వస్తే మాత్రం కథ వేరు. జీలిబ్‌సీ అంటే సిస్టమ్‌కు పునాది లాంటి సీ లైబ్రరీ, దాదాపు ప్రతి కమాండూ దాని మీదే నడుస్తుంది. చేత్తో మార్చబోతే ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కూడా పలకదు. అలాంటి ప్రోగ్రామ్‌ను తనకు కావలసిన లైబ్రరీలతో విడిగా నడిచేలా కంటైనర్‌లోనో ఫ్లాట్‌ప్యాక్‌గానో నడుపుకోండి, లేదంటే ఉబుంటునే అప్‌గ్రేడ్ చేయండి.