ట్రక్కు తగిలించే ముందు

చి. శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో ట్రాక్టరు, దాని వెనక తగిలించే ట్రక్కు కొన్నావని, ఈ సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు కిరాయికి తోలతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సొంతంగా ఒక బండి నిలబెట్టుకున్నందుకు నా కడుపు నిండిందిరా. ఫోన్ పెట్టేశాక మాత్రం కాలు నిలవలేదు. ప్లీడరు గుమాస్తాగా యాక్సిడెంట్ కేసుల కట్టలు మోసినవాణ్ణి. ట్రక్కు అనగానే నాకు ముందు అవే గుర్తొస్తాయి.

నడపడం నీకు నేర్పక్కర్లేదు. టైర్లలో గాలి చూసుకో. ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించు, వెనక లైట్ల వైరు తగిలించకుండా చీకట్లో కదలకు. పొలంలో విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు లాకు వేసి కలుపు. ఒక్కటే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది, వెనక బరువు నెట్టుకొచ్చి అడ్డం తిప్పేస్తుంది. కట్ట దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేశావో, చెంప పగలగొడతాను. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, తేలికే కదా అని ఎత్తుగా పేర్చకు, మలుపులో ఒరిగిపోతుంది. ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000.

మన పక్కూళ్లో ఒక రైతు ఉండేవాడు. అడిగినవాళ్లకు లేదనడం తెలీని మనిషి. ట్రక్కు తగిలించే పిన్ను కింద ఉండాల్సిన చీల ఎక్కడో పడిపోతే, అప్పటికి గడుస్తుందని ఇనప తీగ రెండు చుట్లు చుట్టి మెలేశాడు. కోతల కాలమంతా ఆ తీగ ఆగింది. ఆగింది కాబట్టే ఎవరూ దాని వంక చూడలేదు. ఒక సాయంత్రం కోత ముగించిన ఆడవాళ్లు "ఊళ్లో దింపెయ్యన్నా" అంటే టిక్కీల మీద ఎక్కించుకున్నాడు. కాలవ కట్ట మీద గతుకులో తీగ తెగి పిన్ను పైకి లేచింది. ట్రాక్టరు ముందుకు పోయింది, ట్రక్కు కాలవలోకి దొర్లింది. టిక్కీల కింద పడి ఒకామె చనిపోయింది. ఇద్దరు బిడ్డల తల్లి.

ఆ ఫైలు నా చేతుల్లోనే నలిగింది. ఫోటోలో తీగ ముక్క పిన్నుకి వేలాడుతూ కనిపించేది. ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ ఉంది, ట్రక్కుకు లేదు. ఉన్నది కూడా వ్యవసాయ పనులకని తీసుకున్న పాలసీ. సరుకు వేసే బండిలో మనుషుల్ని ఎందుకు ఎక్కించావని ఇన్సూరెన్స్ వకీలు అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. పరిహారం మొత్తం యజమానే కట్టాలని తీర్పొచ్చింది. పొలం అమ్మి కట్టాడు. ఆ డబ్బు చేతికందేసరికి ఆ పిల్లలిద్దరూ బడి మానేసి కూలికి పోతున్నారు. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే.

అందుకే అడుగుతున్నా. నీ ట్రక్కుకు విడిగా ఆర్‌సీ, విడిగా ఇన్సూరెన్స్ ఉన్నాయా? కిరాయికి తోలతానని పాలసీలో రాయించావా? పాత ఓనరు పేరు మీదున్న పాలసీ నీ పేరుకు మార్చమని కొన్న 14 రోజుల్లోపు అర్జీ పెట్టాలి. డ్రైవర్ని పెట్టుకున్నా, వాడి తప్పుకు పరిహారం కట్టాల్సింది ఓనరువి నువ్వే.

ఇక కూలీల సంగతి. పొద్దున్నే ముఠాను పొలంలో దింపితే నాలుగు డబ్బులు వస్తాయని అన్నావట. వద్దు నాన్నా. సరుకు బండిలో ఎక్కిన ప్రయాణికులకు మామూలు పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది. డబ్బు సంగతి అలా ఉంచు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. పొద్దున సద్ది కట్టుకుని వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి ఇంటికి రాలేదు. నీ ట్రక్కు ఎక్కేది కూడా మన వీధి ఆడవాళ్లేరా, నిన్ను ఎత్తుకుని పెంచినవాళ్లు. మేస్త్రితో మాట్లాడి ఆటోలు పెట్టించు. మొహమాటం వస్తే మామయ్య ఒప్పుకోలేదని నా పేరు చెప్పు.

సంక్రాంతి లోపు ఒక ఆదివారం రెండు ఆర్‌సీలు, పాలసీ కాయితాలు పట్టుకుని ఇంటికి రా. కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు చీలలు రెండు ఎక్కువే కొని టూల్ బాక్సులో పడేసుకో. మీ అత్తయ్య నీకోసం గోంగూర పచ్చడి తీసిపెట్టింది. అక్కను కంగారు పడొద్దని చెప్పు.

మీ మామయ్య