మూడుల్ ఫ్రీనే, చూసుకునే మనిషి ఫ్రీ కాదు

బైరాగిపట్టెడ, తిరుపతి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

మీ చిత్తూరు కాలేజీలో పాఠాలు, క్విజ్‌లు, మార్కులు ఆన్‌లైన్లో నడిపే కోర్సుల సాఫ్ట్‌వేర్ తీసుకునే కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ప్రిన్సిపాల్‌గారేమో "మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుంది కదా" అంటున్నారట, ఇంకొకాయనేమో కంపెనీవాళ్ల డెమో చూసి మురిసిపోయాడట. నేను ఆ దెబ్బా తిన్నాను, ఈ దెబ్బా తిన్నాను.

మా కాలేజీకి మొదట కంపెనీదే కొన్నాం. మూడేళ్లు బాగానే నడిచింది. రెన్యువల్ వచ్చేసరికి తలకింత అని లెక్కగట్టి రేటు పెంచారు. వద్దులే అనుకుంటే అందులో ఎక్కించిన మా క్విజ్ ప్రశ్నలన్నీ వాళ్ల దగ్గరే చిక్కుకున్నాయి. గట్టిగా అడిగితే పీడీఎఫ్‌లు చేతిలో పెట్టారు. వాటిని మళ్లీ టైపు కొట్టడానికే ఒక వేసవి సెలవులు పోయాయి. అందుకే డెమోలో రంగులు చూడొద్దు. "మా ప్రశ్నలు, మార్కులు ఏ ఫైలుగా బయటికిస్తారు? ఇప్పుడే తీసి చూపించండి" అను. కంపెనీలకేం, ఒకదాన్నొకటి కొనేసుకుంటాయి. కెనడాలో ఒక యూనివర్సిటీలో పుట్టిన వెబ్‌సీటీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌నే 2006లో బ్లాక్‌బోర్డ్ అనే పోటీ కంపెనీ కలిపేసుకుంది. తర్వాత ఆ పేరే లేకుండా పోయింది, దాన్ని వాడేవాళ్లు వేరేదానికి మారక తప్పలేదు.

మూడుల్‌కి ఆ భయం లేదు. 2002లో ఆస్ట్రేలియా ఆయన మార్టిన్ డౌగియామాస్ బయటపెట్టింది జీపీఎల్ లైసెన్సు కింద, అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. నీ సర్వర్లో ఉన్నదాన్ని ఎవరూ లాక్కోలేరు. కానీ మన కొండమీద సర్వదర్శనానికి టికెట్ లేకపోయినా కంపార్టుమెంట్లో గంటలు కూర్చోవాల్సిందే కదా, ఇదీ అంతే. కంపెనీది మానేసి మూడుల్ పెట్టుకున్నాక మా దగ్గర ల్యాబులో ఒక కుర్రాడే అంతా చూసేవాడు. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వాడు పోయిన నెలకి సర్వర్ పడిపోయింది. బ్యాకప్ ఉందనే అనుకున్నాం. తీరా చూస్తే డేటాబేస్ ఒక్కటే ఉంది. పిల్లలు అప్‌లోడ్ చేసిన ఫైళ్లుండే మూడుల్‌డేటా ఫోల్డరు లేదు. అసైన్‌మెంట్లన్నీ గోవిందా!

నన్నడిగితే మూడులే తీసుకో. అయితే ఇద్దరికి పని నేర్పించాలి, ఒకరి జీతం బడ్జెట్లో రాయించాలి. ఎక్కువకాలం సపోర్టు ఉండే ఎల్‌టీఎస్ వెర్షనే పెట్టుకో, దానికి మూడేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఆ జీతానికి మేనేజ్‌మెంట్ సంతకం పెట్టకపోతే మాత్రం మొహమాటపడకుండా కంపెనీదే కొనెయ్.

ఏది కొన్నా ఒక తలనొప్పి తప్పదు. మీ తెలుగు డిపార్ట్‌మెంట్ పాత పేపర్లు "అను" అనే పాత డీటీపీ ఫాంట్లలో ఉంటాయి. అట్లాగే పేస్టు చేస్తే తెలుగు రాదు, పిచ్చి గీతలొస్తాయి. ముందు వాటిని ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్పించు. ఖాయం చేసుకునేముందు ఒక సెక్షన్ పిల్లలందరి చేతా ఒకే నిమిషంలో క్విజ్ తెరిపించు. సర్వర్ సంగతి అక్కడే తేలుతుంది.

ఆదివారం వస్తే కంపెనీవాళ్ల కాంట్రాక్టు కాపీ తీసుకురా. రద్దు చేసుకుంటే డేటా ఎన్నాళ్లు ఉంచుతారో అందులో చూడాలి.

మీ మామ