హార్దికమా, హార్ధికమా?

సందేహం: సోషల్ మీడియాలో పెట్టే పోస్టర్లను సొంతంగా తయారు చేయడం ఈమధ్యే నేర్చుకుంటున్నాను. ఒకదానిలో ‘హార్ధిక శుభాకాంక్షలు’ అని వేస్తే, ‘హార్దిక’ అనాలని ఒకరు దిద్దారు. ఏది ఒప్పు? అక్షరాలు పెద్దవి చేస్తే ఒత్తులు కింది వరసకు తగులుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: దిద్దినవారి మాటే ఒప్పు. ‘హృద్’ అంటే గుండె. అందులోని ఋకారం వృద్ధి పొంది ‘ఆర్’ అయింది. గృహస్థు నుంచి గార్హస్థ్యం వచ్చిన తీరే ఇది. మూలంలో ఉన్నది ద కాబట్టి ధ రావడానికి కారణం లేదు. ‘ఆర్థిక’ అన్న మాట చెవిలో ఉండటం వల్ల ఈ పొరపాటు వస్తోందని నాకనిపిస్తుంది. అది ‘అర్థం’ నుంచి వచ్చింది, అందుకే దానికి థ. దాన్నీ చాలామంది ‘ఆర్ధిక’ అని రాసేస్తారు. ‘అర్ధం’ అంటే సగం అని గుర్తుంటే ఆ తప్పు దొర్లదు.

అసలు ఈ తప్పు కంటికి ఎందుకు చిక్కదో చూడండి. ద కింద చిన్న నిలువు గీత పెడితే ధ. ఆ ధ కడుపులో చుక్క పెడితే థ. మీరు పోస్టర్‌ను తెర నిండా పెట్టుకుని చూస్తారు. చూసేవాళ్లకు అది ఫోన్‌లో చిన్న బొమ్మగా కనిపిస్తుంది. అక్కడ ఆ గీతా చుక్కా కలిసిపోతాయి. ‘శ్రద్ధాంజలి’లో లాగా ధ ఒత్తుగా వస్తే ఇంకా కష్టం. అందుకని పోస్ట్ చేసే ముందు ఒకసారి ఫోన్‌లోనే, చిన్నగా ఉన్నప్పుడే చదవండి. ఒత్తు పోల్చుకోలేకపోతే ఫాంట్ మార్చండి. మరీ లావు ఫాంట్లలో అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి.

ఇంకో మాట. ‘శుభాకాంక్షలు’ అంటే చాలు, ముందు ‘హార్దిక’ లేకపోయినా లోటేమీ లేదు. ఆ చోటు మిగిలితే ఉన్న అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు.

ఇక ఒత్తుల సంగతి. తెలుగు వరసకు మూడు అంతస్తులు: పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు. ‘స్త్రీ’ని చూడండి, గుడి దీర్ఘం పైన, ఒత్తులు కింద! ఇంగ్లీషుకు సరిపోయే వరసల మధ్య ఎడం దీనికి చాలదు. నేనైతే అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, తగిలితే ఇంకాస్త పెంచుతాను. ఒత్తు తగలడం కాకుండా అసలు విడిపోయి ‘హార్ దిక’ అని పడుతుంటే మాత్రం లోపం ఎడంలో లేదు. ఆ సాఫ్ట్‌వేర్ తెలుగు అక్షరాలను కూర్చలేకపోతోంది. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే సెట్టింగుల్లో భారతీయ భాషలకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్‌ను ఎంచుకోవాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. తెలుగులో కాదు, లేదు, వద్దు అనేవి వాక్యం చివర వస్తాయి. ‘ప్రవేశం ఉచితం’ అని పెద్ద అక్షరాల్లో వేసి, చోటు చాలక ‘కాదు’ను కింది వరసలో చిన్నగా పెడితే, చదివినవాళ్లు ఊరికే రావచ్చనుకుంటారు. అలాంటప్పుడు వరస విరవకండి. వాక్యాన్నే మార్చి ‘ప్రవేశానికి టికెట్ ఉండాలి’ అని రాయండి.