మాటలు వినిపించడం తగ్గింది, కానీ తమ్ముడు మునుపటిలా లేడు: చికిత్స ఫలించినట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడి వయసు 29. మూడేళ్ల కిందట స్కిజోఫ్రీనియా అని నిర్ధారించారు. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నాడు. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపించడం, అనుమానాలు బాగా తగ్గాయి. కానీ మధ్యాహ్నం దాకా పడుకునే ఉంటాడు, స్నేహితులను కలవడు, ఉద్యోగం ఊసెత్తడు. డాక్టర్ గారు జబ్బు అదుపులో ఉందంటున్నారు. గొడవ చేయడం లేదు, అదే చాలని అమ్మ అంటోంది. చికిత్స ఫలించిందని ఎప్పుడు అనుకోవాలి?
– ఒక సోదరి

సమాధానం: మీ డాక్టర్ గారి మాట తప్పు కాదు గానీ, అది సగం మాటే. స్కిజోఫ్రీనియాలో ఉపశమనం అంటే ఏమిటో 2005లో మానసిక వైద్య నిపుణుల బృందం ఒకటి నిర్వచించింది. దాని ప్రకారం ఎనిమిది ప్రధాన లక్షణాలు పూర్తిగా పోవడమో, ఉన్నా స్వల్పంగా మాత్రమే ఉండడమో జరగాలి, ఆ స్థితి కనీసం ఆరు నెలలు నిలవాలి. లేని మాటలు వినిపించడం, ఆధారం లేని నమ్మకాలతో పాటు నలుగురికీ దూరంగా ముడుచుకుపోవడం, ముఖంలో భావాలు పలకకపోవడం కూడా ఆ ఎనిమిదింటిలో ఉన్నాయి. ఆ కొలత ప్రకారం చూసినా మీ తమ్ముడి విషయంలో చేయవలసింది ఇంకా ఉంది. ఇంట్లో గొడవ లేకపోవడం మీ అందరికీ ఊరటే, కాదనను. అయితే అది ఇంటివారి సుఖానికి కొలత, రోగి బాగోగులకు కాదు.

అంకెలు చూసి మురిసిపోవడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. డిప్రెషన్ మీద జరిగే పరిశోధనల్లో తీవ్రత స్కోరు సగానికి తగ్గితే మందు పనిచేసిందని లెక్క వేస్తారు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కేలు మీద 24 నుంచి 12కు దిగిన మనిషి ఆ లెక్కలో చేరతాడు, కానీ ఉపశమనంగా పరిగణించే 7కు ఇంకా చాలా పైనే ఉంటాడు. మిగిలిపోయిన ఆ లక్షణాలే తరచుగా జబ్బు తిరగబెట్టడానికి దారి తీస్తాయి.

ఇక మీ తమ్ముడి మందకొడితనానికి మూడు కారణాలు ఉండవచ్చు. మొదట అనుమానించవలసింది మందునే. రాత్రి మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంటున్నాడో చూడండి, అర్ధరాత్రి వేసుకుంటే మత్తు మరునాడు పొద్దెక్కేదాకా వదలకపోవచ్చు. నడిచేటప్పుడు చేతులు సహజంగా ఊగుతున్నాయా, వేళ్లు వణుకుతున్నాయా, ముఖం బిగుసుకున్నట్టు ఉందా అన్నది కూడా గమనించి డాక్టర్‌కు చెప్పండి. ఇవి మందుల దుష్ప్రభావాలైతే వేళ మార్చడం, మోతాదు నెమ్మదిగా తగ్గించడం, మందు మార్చడం వంటి మార్గాలు ఉన్నాయి. రెండోది డిప్రెషన్, దీనికి వేరుగా చికిత్స కావాలి. మూడోది జబ్బు స్వభావమే. వినిపించే మాటలను తగ్గించినంత బాగా ఇప్పుడున్న మందులు చొరవను, ఆసక్తిని తిరిగి తేలేవు. దీన్ని బద్ధకమని తిట్టడం వల్ల మేలు జరగదు. ఇక్కడ ఉపయోగపడేవి నలుగురితో మెలిగే నైపుణ్యాల శిక్షణ, కుటుంబానికి కౌన్సెలింగ్, పక్కన ఒకరు సాయంగా ఉండి పని ఇప్పించే పద్ధతి. పూర్తిగా నయమయ్యాకే పనిలో చేరాలన్న నియమమేమీ లేదు.

ఎప్పుడైనా ఒక మాట వినిపించినా, అది జబ్బు వల్లనేనని గుర్తించి తన పని తాను చేసుకోగలిగితే నేను దాన్ని వైఫల్యం అనను. బరువు, రక్తంలో షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించకుండా వదిలేయడాన్ని మాత్రం వైఫల్యమే అంటాను. తీవ్రమైన మానసిక వ్యాధులున్నవారు ఇతరులకన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే మరణిస్తున్నారు, అందులో ఎక్కువ భాగం గుండె జబ్బుల వంటి శారీరక కారణాల వల్లే.

మీ ఉత్తరంలో డాక్టర్ అభిప్రాయం ఉంది, అమ్మగారిదీ మీదీ ఉన్నాయి, మీ తమ్ముడిది లేదు. తరువాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అతనికి ఏం కావాలో అతన్నే చెప్పనివ్వండి. ఉదయం తొమ్మిదికల్లా లేవడం, వారానికి ఒక స్నేహితుడిని కలవడం వంటి చిన్న లక్ష్యాలు ఒకటి రెండు అతనే ఎంచుకుంటే, మూడు నెలల తరువాత అతను, మీరు, డాక్టర్ ముగ్గురూ కూర్చుని వాటినే చూసుకోవచ్చు. ఈలోగా మందు సొంతంగా ఆపవద్దు, తగ్గించవద్దు, జబ్బు తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుంది. చనిపోవాలన్న మాటలు వచ్చినా, ఏదైనా చేయమని ఆదేశించే మాటలు వినిపిస్తున్నాయని చెప్పినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.